ఏడాదిపాటు చెరపని టేపు

2017 మార్చి. సియాటెల్, లాస్ ఏంజెలస్ కచేరీలు బాగా జరిగాయి. బృందం అమెరికాలో తర్వాతి ఊరికి సిద్ధమవుతోంది. అప్పుడొచ్చింది లాయరు నోటీసు. గాయకుడు బాలసుబ్రహ్మణ్యం (బాలు) పేరున, గాయని చిత్ర పేరున, చరణ్ పేరున, కచేరీలు పెట్టిన నిర్వాహకుల పేరున, ఆఖరికి హాళ్ల యాజమాన్యాల పేరున కూడా. సారాంశం ఒక్కటే. సంగీత దర్శకుడు ఇళయరాజా స్వరపరిచిన పాటలు ఆయన అనుమతి లేకుండా వేదిక మీద పాడకూడదు. పాడితే నష్టపరిహారం, కోర్టు.

ఆ పర్యటన పేరు ‘ఎస్పీబీ 50’. నెల్లూరు కుర్రాడొకడు సినిమా మైకు ముందు నిలబడి యాభై ఏళ్లయిన సందర్భంగా కొడుకు చరణ్ తలపెట్టిన పండగ. 2016 ఆగస్టులో టొరంటోలో మొదలై రష్యా, శ్రీలంక, మలేసియా, సింగపూర్, దుబాయ్ చుట్టి అమెరికా చేరింది. బ్లాండీ, కార్స్ లాంటి న్యూవేవ్ బ్యాండ్లు కొన్నేళ్లు ఊపు ఊపాక తమ హిట్ పాటలు ఏరి ఒక రికార్డు వదిలేవి. బ్లాండీది 1981లో వచ్చింది, కార్స్‌ది 1985లో. బాలు ఆ పని ఊరూరా తిరిగి, గొంతుతో చేస్తున్నారు. వేల పాటల్లోంచి ఏరిన జాబితా అది. అందులో ఇళయరాజా పాటలు తీసేస్తే సగం సభ నిరాశగా ఇంటికి పోతుంది.

నోటీసు పంపింది బయటివాళ్లయితే ఇది రెండు రోజుల వార్త. పంపించింది ఒకప్పుడు అదే గాయకుడి పక్కన, అదే వేదిక మీద గిటారు వాయించిన మనిషి. అందుకే కథ చెప్పాల్సి వస్తోంది. గూడూరు నుంచి మొదలుపెడదాం.

*

గూడూరు అంటే మనకు నిమ్మకాయల మండీ, అభ్రకం గనులు, రేణిగుంట లైను విడిపోయే జంక్షన్. 1960ల మొదట్లో అక్కడ లలిత సంగీతం పోటీలు జరిగేవి. నెల్లూరు తిప్పరాజువారి వీధి నుంచి ఒక సన్నటి కుర్రాడు వచ్చి పాడేవాడు. పుట్టింది కోనేటమ్మపేటలో, 1946 జూన్ 4న. తండ్రి శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి హరికథా భాగవతార్. త్యాగరాజ స్వామి పేరు చెప్పి జోలె పట్టి, వచ్చిన దాంతో నెల్లూరులో ఆరాధనోత్సవాలు జరిపించిన మనిషి. ఇంట్లో సంగీతం ఉంది, డబ్బు లేదు. కొడుకు ఇంజనీరు కావాలని ఆయన కోరిక. కొడుక్కీ అదే కోరిక. గెజిటెడ్ ఆఫీసరు కావడం ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటి మోక్షం.

కుర్రాడికి శాస్త్రీయ సంగీతం పద్ధతిగా రాదు. విన్నది విన్నట్టు పట్టేసే చెవి మాత్రం ఉంది. శ్రీకాళహస్తిలో చదువుకునేటప్పుడు బళ్లో మాస్టారొకరు అతనిచేత ‘చెంచులక్ష్మి’లో సుశీల పాడిన పాట పాడించి టేపు రికార్డరులో ఎక్కించారు. తన గొంతు తనకే బయటి నుంచి వినిపించడం అదే మొదలు. టేపులకూ ఈ మనిషికీ ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది, ముందు ముందు చూస్తాం.

ఒక ఏడాది గూడూరు పోటీకి ముఖ్య అతిథి ఎస్.జానకి. అప్పటికే దక్షిణాది భాషలన్నిటా పాడుతున్న గాయని. కుర్రాడు పాడాడు. న్యాయనిర్ణేతలు రెండో బహుమతి ప్రకటించారు. జానకమ్మకు అది మింగుడుపడలేదు. మొదటి బహుమతి ఇవ్వాల్సినవాడికి రెండోది ఇచ్చారని వేదిక మీదే అనేశారట. ఈ అబ్బాయి సినిమాల్లో ప్రయత్నిస్తే పైకొస్తాడని కూడా చెప్పారు. నాకు సంగీతం రాదు కదమ్మా అని కుర్రాడు నసిగితే, తనూ అంత పెద్దగా నేర్చుకోలేదని ధైర్యం చెప్పారట. బాలు జీవితాంతం ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకున్నారు, ఆవిడ ఎదురుగానే చెప్పుకున్నారు.

అతిథిగా వచ్చినవాళ్లు ఇచ్చిన బహుమతులు పంచి, నాలుగు మంచి మాటలు చెప్పి, టిఫిను చేసి రైలెక్కడం మర్యాద. ఆవిడ ఆ మర్యాద తప్పారు కాబట్టి ఒక గొంతు మనకు దక్కింది.

*

మద్రాసు. ఇంజనీరింగుకు అనంతపురంలో సీటొచ్చినా టైఫాయిడ్ వల్ల ఆ చదువు ఆగింది. మద్రాసులో ఏఎంఐఈలో చేరాడు. పగలు చదువు, సందు దొరికితే పాట. 1964 ప్రాంతంలో అక్కడి తెలుగువాళ్ల సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో ఈసారి మొదటి బహుమతే వచ్చింది. ఆ పాట విన్నవాళ్లలో సంగీత దర్శకుడు ఎస్.పి.కోదండపాణి ఉన్నారు. ఆయన కుర్రాణ్ని పిలిచి మాట్లాడారు. గొంతులో ఇంకా లేతదనం పోలేదు, కాస్త ఆగమన్నారు. అలా అని వదిలేసినవాళ్లు పరిశ్రమలో వందమంది ఉంటారు. కోదండపాణి వదల్లేదు. రెండేళ్లు గుర్తు పెట్టుకున్నారు.

1966 డిసెంబరు 15. హాస్యనటుడు పద్మనాభం నిర్మిస్తున్న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ పాట రికార్డింగు. చోటు విజయా గార్డెన్స్. కంపెనీ కారు ఎంతకీ రాకపోతే స్నేహితుడి సైకిలెక్కి స్టూడియోకు చేరానని బాలు చెప్పేవారు.

ఆనాటి రికార్డింగు ఎలా ఉండేదో ఇవాళ్టి పిల్లలకు చెప్తే నమ్మరు. ట్రాకులు లేవు. ఒకరి ముక్క ఇవాళ, ఇంకొకరిది రేపు పాడి అతికించే వీలు లేదు. వాద్యబృందం అంతా ఒకే హాల్లో కూర్చోవాలి, గాయకులంతా ఒకేసారి పాడాలి. వయొలిన్లలో ఒక్క కమాను తడబడినా, గాయకుల్లో ఒక్కరు సగం మాత్ర ముందు ఎత్తుకున్నా మొత్తం మళ్లీ మొదటి నుంచి. కొత్తవాడు తప్పు చేస్తే ఆ తప్పు అందరి నెత్తినా పడుతుంది. పైగా ఆ పాట నలుగురిది. పక్కన నిలబడ్డవాళ్లెవరు? పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ఇరవై ఏళ్ల కుర్రాడు ఈ ముగ్గురి మధ్య నిలబడి నోరు తెరవాలి.

పాట ఓకే అయింది. వాద్యగాళ్లు పెట్టెలు సర్దుకుంటున్నారు. పనుల లెక్కన కథ ఇక్కడితో అయిపోవాలి. టేపులోంచి పాటను సినిమాకు కావలసిన నెగెటివ్ మీదికి దించుకుంటారు, టేపు చెరిపేస్తారు, రేపు ఇంకొకరి పాటకు అదే వాడతారు. టేపు అప్పట్లో ఖరీదైన సరుకు, ఎవరూ దాచుకునేవారు కాదు. కోదండపాణి మాత్రం సౌండ్ ఇంజనీరు స్వామినాథన్ దగ్గరికెళ్లి ఒక కోరిక కోరారు. ఈ టేపు ఏడాదిపాటు చెరపొద్దు. వేరే సంగీత దర్శకులు ఎవరు రికార్డింగుకు వచ్చినా వాళ్లకు వినిపించు.

స్వామినాథన్ ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఆ హాల్లోకి దక్షిణాది సంగీత దర్శకులంతా వస్తూ పోతూ ఉంటారు. విరామంలో కాఫీ తాగుతుంటే ఇంజనీరు ఒక స్పూలు ఎక్కించి మీట నొక్కుతాడు. ఇదిగో, కొత్త కుర్రాడు, వినండి. అడిగి వినిపించుకునే ఓపిక ఆ కుర్రాడికి ఉండేది కాదు, గుమ్మాల ముందు నిలబడే అలవాటూ లేదు. అతని తరఫున టేపు నిలబడింది. నా లెక్కలో బాలు అసలు సిసలు హిట్స్ ఆల్బమ్ అదే. ఒకే పాట, అందులో తన వాటా నాలుగో వంతు, విడుదల కాలేదు, అమ్ముడుపోలేదు.

వారం పది రోజుల్లోనే ఎం.రంగారావు కన్నడంలో ‘నక్కరె అదే స్వర్గ’కు పాడించారు. తమిళం దగ్గర కాస్త ఆలస్యమైంది. భాష నేర్చుకుని రమ్మని ఎం.ఎస్.విశ్వనాథన్ పంపేశారు, నేర్చుకున్నాక పిలిచారు. ‘అడిమై పెణ్’ పాటకు ముందు మళ్లీ టైఫాయిడ్ పట్టుకుంటే ఎంజీఆర్ వేరే గాయకుణ్ని పెట్టుకోకుండా కోలుకునేదాకా ఆగారు. 1969లో ఆ సినిమా వచ్చింది. తమిళనాడు ఆ గొంతును సొంతం చేసుకుంది. కోదండపాణి 1974లో కన్నుమూశారు. శిష్యుడు తర్వాత సొంతంగా రికార్డింగు స్టూడియో కట్టుకున్నప్పుడు దానికి కోదండపాణి ఆడియో లేబొరేటరీస్ అని పేరు పెట్టారు.

*

ఇప్పుడు బ్యాండు సంగతి.

సినిమా పాటలు మొదలైన కొత్తలో నెలకు వచ్చేవి ఒకటో రెండో. బాలుకు ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. హార్మోనియం అనిరుత్త. తాళవాద్యాలు భాస్కర్. గిటారు గంగై అమరన్. ఇంకో గిటారు, తర్వాత హార్మోనియం కూడా, వాళ్లన్నదమ్ముల్లో ఒకడైన రాజా. మదురై అవతల పన్నైపురం అనే పల్లెటూరి నుంచి 1968లో అవకాశాల కోసం మద్రాసు వచ్చిన అన్నదమ్ములు వీళ్లు. పెద్దన్న వరదరాజన్ పార్టీ సభల్లో పాటలు పాడుతుంటే వెంట తిరిగి వాయించిన చేతులవి. రాజా పగలు ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాడు, జి.కె.వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేసేవాడు. రాత్రయితే బాలు వేదిక.

ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే చనువు ఇద్దరిదీ. ఒకడు నెల్లూరు తెలుగువాడు, ఒకడు తేని వైపు తమిళుడు. వయసులో మూడేళ్ల తేడా. ఇద్దరికీ వెనక ఆస్తులు లేవు. వేదిక మీద వెలుగు ఒకడి ముఖం మీద, పక్క చీకట్లో తీగలు మీటేవాడు రెండోవాడు. ఆ రోజుల్లో వాళ్లు వాయించినవి అన్నీ ఇతరుల హిట్లే. విశ్వనాథన్‌వి, మహదేవన్‌వి, హిందీవాళ్లవి. ఎవరి అనుమతీ ఎవరూ అడిగిన దాఖలా ఆ కాలపు ఏ ఆర్కెస్ట్రాకూ లేదు, చట్టం అప్పటికే ఉన్నా. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

1976 మే నెలలో ‘అన్నకిళి’ విడుదలైంది. చీకట్లో గిటారు వాయించినవాడు ఇళయరాజా అయ్యాడు. న్యూయార్క్, లండన్ క్లబ్బుల్లో కుర్రాళ్లు పాత రాక్ సంగీతాన్ని ఊడ్చేసి కొత్త మోత మొదలుపెట్టింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్లకూ మన రాజాకూ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. అక్కడ నాలుగు తీగలతో సరిపెట్టుకున్నారు, ఇక్కడ పల్లె బాణీకి బాఖ్ పద్ధతిలో వయొలిన్లు పేర్చారు. బేస్ గిటారు పాట కింద ఇంకో పాట పాడటం మన చెవులు అప్పుడే విన్నాయి. 1977లో ‘భద్రకాళి’తో తెలుగులోకీ వచ్చారు.

ఇక 1980లు మొత్తం ఈ పాత బ్యాండుదే. ‘సాగరసంగమం’ 1983, ‘సితార’ 1984, ‘అన్వేషణ’ 1985, ‘స్వాతిముత్యం’ 1986, ‘రుద్రవీణ’, ‘అభినందన’ 1988, ‘గీతాంజలి’ 1989. ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ రెండింటికీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. ఒకరికి సంగీతానికి, ఒకరికి గానానికి.

‘అభినందన’ దగ్గర నెల్లూరు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. పాడింది బాలు. పాటలన్నీ రాసింది ఆత్రేయ. ఆయనది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. అంటే పులికాటు గాలి పీల్చిన కలం, నెల్లూరు వీధిలో పెరిగిన గొంతు, పన్నైపురం బాణీ. ఆత్రేయ మరుసటి ఏడాది సెప్టెంబరులో వెళ్లిపోయారు. ఆ సినిమా పాటలు ఈ తీరంలో ఇంకా మోగుతున్నాయి. అవి ఎవరి పాటలని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది బాలు పాటలంటారు, ఒకరు ఇళయరాజా పాటలంటారు. ఆత్రేయ పేరెత్తేవాడు పదకొండోవాడు.

*

మన హిట్స్ ఆల్బమ్‌లు కంపెనీలు వేసినవి తక్కువ. క్యాసెట్ల కాలంలో ట్రంకు రోడ్డు మీదికొచ్చి, రికార్డింగు షాపులో తెల్లకాగితం మీద పాటల జాబితా రాసిచ్చేవాళ్లు. ఖాళీ క్యాసెట్టు మనదైతే ఒక రేటు, షాపువాడిదైతే ఒక రేటు. గంట క్యాసెట్టుకు ఒక వైపు అరగంట. అంటే ఆరు పాటలు, గట్టిగా లాగితే ఏడు. ఏడోది రెండో చరణం మధ్యలో టక్కున తెగేది. ఆ తెగిన చోటే పాట అయిపోయిందని అలవాటు పడిపోయిన చెవులు, అదే పాట రేడియోలో పూర్తిగా వస్తే ఉలిక్కిపడేవి. పైన అట్ట మీద బాల్‌పెన్నుతో ‘బాలు–జానకి హిట్స్’. కింద సినిమా పేర్లు. టేపు బయటికొస్తే పెన్సిల్ దూర్చి చుట్టుకోవాలి. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా టీ అంగళ్లలో, పెళ్లి మైకుసెట్లలో, ఆక్వా చెరువుల కాపలా గుడిసెల్లో తిరిగింది ఈ సరుకే.

ఆ అట్ట మీద పాట రాసినవాడి పేరుండదు. స్వరపరిచినవాడి పేరు కూడా చాలాసార్లు ఉండదు. ఆ క్యాసెట్టు మీద వచ్చిన డబ్బులో వాళ్లకు పైసా అందదు. షాపులో మనం ఇచ్చిన రూపాయల్లో దొంగసొత్తు ఎంతో ఆనాడు మనలో లెక్క వేసుకున్నవాళ్లు లేరు.

చట్టం కూడా చాలాకాలం వాళ్ల పక్షాన లేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి పాట చేయించుకున్న నిర్మాతే మామూలుగా తొలి యజమాని. 1977లో సుప్రీంకోర్టు కూడా ఆ లెక్కే ఖాయం చేసింది. 2012లో చట్టం సవరించాకే, సినిమా హాల్లో బొమ్మతోపాటు వచ్చే సందర్భం తప్పించి, మిగతా వాడకాల్లో గీత రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ వాటా వదులుకోవడానికి వీల్లేని హక్కయింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా వాదించి తెచ్చిన మార్పు అది. ఇళయరాజా తన పాటల హక్కుల మీద కోర్టులకెక్కింది ఊరికే మొండితనంతో కాదు. దశాబ్దాల బాకీ ఉంది.

*

మళ్లీ 2017 అమెరికా. నోటీసు చదివాక బాలు ఏం చేశారు? ఆ సమయంలో ఎవరైనా చేసేది ఒకటుంది. నా గొంతు లేకుండా నీ పాట ఎక్కడిది అని ఒక్క మాట అంటే చాలు, ప్రపంచంలోని సగంమంది అభిమానులు చప్పట్లు కొట్టేవారు. ఆయన అనలేదు. ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాశారు. ఈ చట్టాల సంగతి తనకు తెలియదన్నారు. ఇన్ని దేశాలు తిరిగినప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకో అర్థం కాలేదన్నారు. అయినా చట్టమంటే చట్టమే, పాటిస్తానన్నారు. ఇక మీదట ఈ వేదికల మీద ఇళయరాజా పాటలు పాడబోమని, దేవుడి దయవల్ల మిగతా సంగీత దర్శకులకూ చాలా పాడాను కాబట్టి కచేరీ ఆగదని చెప్పారు. దీని మీద ఎవరూ పరుషంగా మాట్లాడుకోవద్దని మళ్లీ విడిగా కోరారు.

నా తీర్పు అడిగితే రెండు ముక్కల్లో చెప్తాను. విషయంలో ఇళయరాజాది న్యాయం. టిక్కెట్టు పెట్టి జరిపే కచేరీలో స్వరకర్త వాటా స్వరకర్తకు చేరాల్సిందే, స్నేహితుడి కచేరీ అయినా సరే. ఆ లైసెన్సు చూసుకోవాల్సిన పూచీ పాడేవాడికన్నా ముందు నిర్వాహకుడిది. పద్ధతిలో మాత్రం ఆయనది పొరపాటు. ఒరేయ్ అనుకునేవాళ్ల మధ్య ముందు రావాల్సింది ఫోను, తర్వాతే లాయరు.

రెండేళ్లు ఎడం వచ్చింది. 2019లో ఇళయరాజా పుట్టినరోజు కచేరీ రిహార్సల్‌కు బాలు వెళ్లారు. ఇద్దరూ కౌగిలించుకున్న ఫోటో అన్ని పత్రికల్లో వచ్చింది. జూన్ 2న మద్రాసు శివార్లలో ఆ కచేరీ జరిగింది. మాటలు మళ్లీ మొదలయ్యాక మిగిలింది ఏడాది పైచిలుకే. 2020 ఆగస్టులో కరోనాతో బాలు ఆస్పత్రిలో చేరాక, త్వరగా లేచి రా బాలూ, నీకోసం ఎదురుచూస్తుంటానని ఇళయరాజా వీడియోలో వేడుకున్నారు. సెప్టెంబరు 25న బాలు పోయారు. ఇళయరాజా తిరువణ్ణామలైలో మోక్షదీపం వెలిగించారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో, అన్నీ బాగున్న రోజుల్లో, తిప్పరాజువారి వీధిలోని తండ్రి ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి రాసిచ్చి వెళ్లారు బాలు. ఆయన పోయాక ప్రభుత్వం నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టింది.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన నాటి నుంచీ ఆయన ఒక పట్టింపు పట్టారు. పిల్లలు పాడిన పాట మీద మాట్లాడేటప్పుడు రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు చెప్పకుండా ముందుకు పోయేవారు కాదు. గుర్తుంటే వాద్యగాళ్ల పేర్లు కూడా చెప్పేవారు. ఎపిసోడ్లు తిరగేసి చూడండి, అరుదుగా తప్పి ఉంటారు.

నెల్లూరు, గూడూరు, కావలి, సూళ్లూరుపేట ప్రాంతాల్లో వినాయక చవితి పందిళ్లకు, ఫ్లెమింగో పండగకు, కాలేజీ వార్షికోత్సవాలకు ఆర్కెస్ట్రాలు కట్టే మిత్రులకు ఒక మనవి. బ్యానరు మీద ‘బాలు హిట్స్’ అని వేసుకోండి, తప్పులేదు. పాట ఎత్తుకునే ముందు ఆత్రేయ, వేటూరి, మహదేవన్, ఇళయరాజా, ఎవరిదైతే వారి పేరు మైకులో చెప్పండి. టిక్కెట్టు పెట్టి జరిపే సభ అయితే లైసెన్సు రుసుము ముందే కట్టి, రసీదు దగ్గర పెట్టుకోండి.